తొమ్మిది గంటల బస్సూ, ఓటేయని కుర్రకారూ

కుర్కిలంపి కుర్రకారుకు ఒక పెద్దమనిషిగా నేను చేసే మనవి ఒక్కటే. దయచేసి ఓటు వేయకండి!

నవ్వులాటకు అనడం లేదు. చేతులు జోడించి అడుగుతున్నాను. ఏప్రిల్‌లో మన ఊరి కౌన్సిల్ ఎన్నికలు వస్తున్నాయి. పోయినసారి లాగే ఈసారి కూడా ఆ ఆదివారం మీరు మధ్యాహ్నం దాకా ముసుగుతన్ని పడుకోండి. లేచాక ఫోన్ చూసుకోండి. ఆకలేస్తే పిజ్జా తెప్పించుకోండి. పోలింగ్ జరిగే బడి వైపు మాత్రం రాకండి. ఆ రోజుల్లో మంచు కరిగి అక్కడంతా బురదగా ఉంటుంది. మీ తెల్ల బూట్లు పాడైపోతాయి.

పత్రికల్లో కొందరు మేధావులు తెగ బాధపడిపోతున్నారు. యువత ఓటు వేయడం లేదట, ఊరి పనుల్లో వేలు పెట్టడం లేదట, ప్రజాస్వామ్యం ఏమైపోతుందోనని వీళ్లకు నిద్ర పట్టడం లేదట. నాకు బ్రహ్మాండంగా పడుతోంది! నా పేరు కౌకో తిర్రొనెన్. వయసు డెబ్బై నాలుగు. ఒకప్పుడు మీ బడిలో చెక్కపని నేర్పిన మాస్టారిని. ఇప్పుడు కౌన్సిల్ సభ్యుణ్ని. ఎప్పటి నుంచి అని అడక్కండి. నేను చేరినప్పుడు సభలో వేసిన కుర్చీలు విరిగిపోయి, వాటి స్థానంలో కొత్తవి వచ్చి, అవి కూడా విరిగిపోయాయి. నేను మాత్రం చెక్కుచెదరలేదు. ఎందుకంటారు? మీరు ఓటు వేయలేదు కాబట్టి!

చేసిన మేలు మరిచే రకాన్ని కాదు నేను. మీరు ఇంట్లో పడుకోవడం వల్ల ఈ ఊరు ఎంతగా బాగుపడిందో చెబుతాను, వినండి.

మన ఈతకొలను సంగతే చూడండి. ఒకప్పుడు అందులో జారుడుబల్ల ఉండేది. పిల్లలు కేకలు పెడుతూ జారి నీళ్లలో పడేవాళ్లు. ఆ నీళ్లు మా కళ్లజోళ్ల మీద చిందేవి. ఒక్క తీర్మానం చేశాం, జారుడుబల్ల మాయమైంది. ఆ తరువాత నీళ్లు చల్లగా ఉన్నాయని మా మోకాళ్లు మొరపెట్టుకున్నాయి. ఇంకో తీర్మానం చేశాం, నీళ్లు వెచ్చబడ్డాయి. ఇప్పుడు అందులో నాలుగు బంగాళాదుంపలూ ఒక చేపా పడేస్తే మధ్యాహ్నానికి పులుసు తయారవుతుంది. పొద్దున్నే తెరుస్తాం, మధ్యాహ్నం మూసేస్తాం. సాయంత్రాలు తాళం. అసలు సాయంత్రం ఈదేది ఎవరు? బడి వదిలాక వచ్చేవాళ్లు, పని దిగాక వచ్చేవాళ్లు. వాళ్లు ఓటు వేస్తారా? వేయరు. మరి ఎవరి కోసం దీపాలు వెలిగించాలి?

లైబ్రరీ పక్కన మీరు చక్రాల బల్లల మీద గంతులేసే కాంక్రీటు గుంట ఒకటి ఉండేది గుర్తుందా? దాన్ని చదును చేయించాం. ఇప్పుడక్కడ మా నాలుగు చక్రాల నడకబండ్లు నిలుపుకుంటున్నాం. మీవీ చక్రాలే, మావీ చక్రాలే. కాకపోతే మా చక్రాలు పోలింగ్ కేంద్రం దాకా వెళతాయి.

బెంచీల సంగతి చెప్పనే అక్కర్లేదు. మన ఊళ్లో బెంచీలు ఎన్ని ఉన్నాయంటే, ఒక బెంచీ మీద కూర్చున్నవాడు కాళ్లు చాపితే ఇంకో బెంచీకి తగులుతాయి. వేసవి ఉత్సవంలో గిటార్ల గోల తీసేయించి అకార్డియన్ మీద పాత టాంగో పాటలు పెట్టించాం. ప్రేమించినామె వెళ్లిపోయింది, వాన కురుస్తోంది, పడవలో నీళ్లు చేరాయి, ఇదే వరస సాయంత్రమంతా. ఎంత హాయి!

యువత మాట మేం వినడం లేదని మాత్రం ఎవరూ అనకండి. ఏటా ‘యువత మాట విందాం’ అని ఒక సభ పెడుతున్నాం. బుధవారం పొద్దున పది గంటలకు. యాలకుల బన్నులు కూడా పెడతాం. ఒక్క కుర్రాడూ రాడు! అందరూ బడిలో ఉంటారు. మేమే కూర్చుని, యువతకు ఏం కావాలో మేమే ఒకరికొకరం చెప్పుకుని, బన్నులు తినేసి వస్తాం. పోయిన ఏడు ఆ సభలో తేలిందేమిటంటే, యువతకు మరికొన్ని బెంచీలు కావాలి.

మరి మేం ఎలా ఓటు వేస్తున్నామో చెప్పనా? నేను ఎన్నికల ప్రచారంలో ఉపన్యాసాలు ఇవ్వను. సూపర్ మార్కెట్ ముందు డేరా వేసి ప్లాస్టిక్ బకెట్లు పంచుతాను. ఉచితంగా! ఆకుపచ్చ బకెట్లు, వాటి మీద ఓటు కాగితంలో రాయాల్సిన నా అభ్యర్థి నంబరు. మన జనానికి ఉచిత బకెట్ అంటే ఎంత మోజో మీకు తెలియంది కాదు. ఇంట్లో తొమ్మిది బకెట్లున్న మనిషి కూడా పదోదాని కోసం వడగళ్లలో గంటసేపు నిలబడతాడు. ముందువాడికీ తనకూ మధ్య ఒక గేదె పట్టేంత దూరం ఉంచుకుని, ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడకుండా నిలబడతాడు. బకెట్ కోసం అంత ఓపికపట్టినవాడికి ఓటు వేయడం ఒక లెక్కా? మీకు వరసలో నిలబడే అలవాటే లేదు. అన్నీ మీ ఫోన్లోకే వస్తాయి. బకెట్ రాదు, ఓటూ రాదు.

ఇక అసలు విషయానికొస్తాను. తొమ్మిది గంటల బస్సు.

నగరం నుంచి రాత్రి తొమ్మిదికి బయలుదేరి అడవి మధ్యగా మన ఊరికొచ్చే ఆ బస్సు మీకు బాగా తెలుసు. అది ఎక్కింది మీరే కదా! నగరంలో చదువుకునేవాళ్లు, హాకీ ఆడేవాళ్లు, దుకాణాల్లో సాయంత్రం పనిచేసేవాళ్లు. ఒకనాడు ఖర్చులు తగ్గించే మాట వచ్చినప్పుడు నేను సభలో లేచి ఒకే ఒక్క ప్రశ్న వేశాను.

“మనలో ఎవరైనా ఆ బస్సు లోపల ఎలా ఉంటుందో చూశారా?”

ఎవరూ చూడలేదు. అందరికీ కార్లున్నాయి. పైగా తొమ్మిదింటికి అందరం పక్క మీద ఉంటాం.

“మనం చూడని బస్సు ఉంటేనేం, లేకపోతేనేం?” అన్నాను. సభంతా బల్లలు చరిచింది. బస్సు పోయింది. సాయంత్రం అయిదింటిది ఆఖరి బస్సయింది. ఆ మిగిలిన డబ్బుతో చెరువుగట్టు మీద బెంచీలు వేయించాం.

ఆ తరువాత ఎన్నికలొచ్చాయి. మాది ఏ పార్టీకీ చెందని ఊరి పెద్దల జాబితా. మా కౌన్సిల్ అధ్యక్షురాలు రౌహాకు పోస్టర్ చూడగానే దిగులు పట్టుకుంది.

“ఏమోయ్ కౌకో, ఇది ఎన్నికల పోస్టరులా లేదు, ఆసుపత్రి వరండాలా ఉంది. ఒక్క పడుచు మొహమన్నా పెట్టకపోతే ఎలాగయ్యా?”

చేపల పులుసులో పైన కాస్త పచ్చకూర చల్లినట్టు మేం ఒక అమ్మాయిని వెతికిపట్టుకున్నాం. పేరు పిహ్లా. పంతొమ్మిదేళ్లు, నగరంలో నర్సు చదువు. బడిలో నా శిష్యురాలే. అప్పట్లో అది చేసిన పిట్టగూడు ఒక పక్కకు వాలిపోయి ఉండేది. అయినా అందులోనే పిట్టలు చేరాయి, తిన్నగా ఉన్న నా గూట్లో చేరలేదు. అది వేరే సంగతి.

“నువ్వేం చేయనక్కర్లేదమ్మా, ఫొటోకు నవ్వితే చాలు,” అన్నాను.

“నెగ్గితే తొమ్మిది గంటల బస్సు మళ్లీ వేయించొచ్చా, మాస్టారూ?” అని అడిగింది.

“ఓ, ఎందుకు వేయించకూడదు!” అన్నాను. నెగ్గితే కదా అని నా ధీమా.

ఆ పిల్ల నిజమనుకుంది! ఈ కాలంలో ఎవరి మాటనైనా అంత సీరియస్‌గా తీసుకునేవాళ్లను నేను చూడలేదు. అయిదింటి బస్సుకు అందక నగరంలో చిక్కుకుపోయిన పిల్లలందరి దగ్గరికీ వెళ్లింది. హాకీ మైదానానికి వెళ్లింది. దుకాణాల వెనక తలుపుల దగ్గర నిలబడింది. బకెట్ లేదు, కాఫీ లేదు, ఒకటే మాట: బస్సు కావాలంటే రండి. అందరూ “తప్పకుండా వస్తాం, పిహ్లా” అన్నారు. ఫోన్లలో బొటనవేళ్ల బొమ్మలు పంపించారు. వందలకొద్దీ బొటనవేళ్లు!

అనవసరంగా భయపడ్డాను. ఆదివారం వచ్చింది. మీరు పడుకున్నారు.

పోలింగయ్యాక నేనూ మా ఆవిడ ఐలీ అలవాటు ప్రకారం బేకరీకి వెళ్లాం. ఓటు వేసి, మంచి కోటు తొడుక్కుని, కాఫీ తాగి కేకు తినకపోతే ఆ ఓటు లెక్కలోకి రానట్టే ఉంటుంది మా తరానికి. పక్క బల్ల దగ్గర పిహ్లా కూర్చుని ఉంది. ఎదురుగా దాని స్నేహితుడు ఒత్సో. హాకీలో గోలు కాపలా కాసే కుర్రాడు, మనిషి బీరువా అంత ఉంటాడు. మనసు మాత్రం వెన్న.

“వేశానే,” అన్నాడు ఒత్సో మురిసిపోతూ. “ఉత్త నంబరు రాస్తే ఏం బాగుంటుంది? పక్కనే పెద్ద గుండె బొమ్మ వేశా.”

పిహ్లా కప్పు కింద పెట్టింది. “ఎక్కడ వేశావ్?”

“ఇంకెక్కడ, ఓటు కాగితం మీదే. లోపల రంగులా పెన్సిల్‌తో నింపా కూడా.”

“ఒరే ఒత్సో! అది చెల్లదురా!”

“ఎందుకు చెల్లదు? నంబరు శుభ్రంగా రాశాగా.”

“నంబరు తప్ప ఇంకేం గీసినా చెల్లదని ఎదురుగా గోడ మీదే అంటించారు కదరా!”

“నేను నీ నంబరు చూసుకోవాలా, గోడలు చదువుకోవాలా?”

పిహ్లా రెండు చేతుల్లో మొహం దాచుకుంది. వాడు ఏం చేయాలో తెలియక తన కేకు దాని వైపు జరిపాడు. నేను అంత రుచైన కేకు జన్మలో తినలేదు. ఐలీ మాత్రం బల్ల కింద నా కాలు తొక్కి, “నవ్వకు, చూస్తున్నారు,” అంది. ఆ తరువాత కాఫీలో చెంచా తిప్పుతూ ఉండిపోయింది. ఏమైందని అడిగితే కాఫీ వేడిగా ఉందంది.

మర్నాడు లెక్క తేలింది. మా జాబితాలో ఎక్కువ ఓట్లొచ్చినవాళ్లకు వరసగా సీట్లు ఇచ్చుకుంటూ పోతే ఇంకొక్కటి మిగిలింది. దానికి నేనూ పిహ్లా పోటీ. ఇద్దరికీ సమానంగా ఓట్లు వచ్చాయి! ఒక్క ఓటు అటో ఇటో పడి ఉంటే తేలిపోయేది. సమానమైతే మన చట్టం ప్రకారం చీటీలు తీయాలి. ఎన్నికల సంఘంవాళ్లు రెండు పేర్లూ రాసి మడిచారు. వేయడానికి గిన్నె కోసం వెతికారు. చేతికి దొరికింది నా ఆకుపచ్చ బకెట్టే. అందులోంచి నా పేరు వచ్చింది. బకెట్లు పంచడం ఎంత మంచిదో ఇప్పటికైనా అర్థమైందా?

పిహ్లా వచ్చి నాతో చెయ్యి కలిపింది. “అభినందనలు, మాస్టారూ. బస్సు సంగతి చూడండి మరి,” అంది. నేను చూశాను. అది రాకుండా చూశాను.

ఇదీ మన ఊరి ప్రజాస్వామ్యం సాఫీగా సాగుతున్న తీరు. ఒక బీరువా లాంటి కుర్రాడి ప్రేమా, మీ అందరి నిద్రా కలిసి నన్ను గెలిపించాయి. మీకు నేను ఎంత రుణపడి ఉన్నానో!

ఇక్కడితో ఆపేయొచ్చు. కానీ కాలమ్‌లో ఇంకా కాస్త చోటు మిగిలింది కాబట్టి, పోయిన శరదృతువులో జరిగిన ఒకటి రెండు చిన్న విషయాలు కూడా చెబుతాను. వీటికీ పై మాటలకూ ఏ సంబంధమూ లేదు.

ముందు నా కళ్లు. డ్రైవింగ్ లైసెన్సు మళ్లీ రాయించుకోవడానికి డాక్టరు దగ్గరికి వెళ్లాను. గోడ మీది అక్షరాలు చదవమంది. చదివాను. “అవి అక్షరాలు కాదు తాతగారూ, నా కోటు బొత్తాలు,” అంది. కారు తాళాలు ఆ రోజు నుంచి వంటింటి మేకుకు వేలాడుతున్నాయి.

ఆ తరువాత ఐలీ. మొదటి మంచు పడిన రోజు చెత్త పారేయడానికి వెళ్లి మెట్ల దగ్గర జారింది. తుంటి ఎముక విరిగింది. నగరంలో ఆసుపత్రి, ఆపరేషను, ఆ మీదట మళ్లీ నడక నేర్పే వార్డు. ఎప్పుడు ఇంటికి పంపిస్తారో డాక్టర్లు చెప్పడం లేదు.

మధ్యాహ్నం బస్సుకు నేను రోజూ వెళతాను. బస్సు లోపల ఎలా ఉంటుందో ఇప్పుడు నాకు బాగా తెలుసు. సీట్లు నీలం రంగు. కిటికీల మీద వేళ్లతో రాసిన బూతులు, వాటి కింద గుండె బొమ్మలు. వార్డులోకి బయటివాళ్లను రెండింటి తరువాత గానీ రానివ్వరు. నేను కోటు విప్పి కూర్చుని, ఐలీకి ఊరి కబుర్లు చెప్పడం మొదలుపెట్టేసరికి కిటికీలో చీకటి పడుతుంది. అయిదింటి బస్సుకు మళ్లీ కోటు తొడుక్కోవాలి.

“ఇంకాసేపు కూర్చోవయ్యా,” అంటుంది ఐలీ.

“బస్సు పోతుందే.”

“పగలంతా బాగానే ఉంటుంది. నడిపిస్తారు, తినిపిస్తారు. దీపాలు తగ్గించాకే నాకు భయమేస్తుంది. ఆ అవతలి మంచం ఆవిడ చనిపోయినవాళ్లను పేరుపేరునా పిలుస్తుంది.” ఒకనాడు నా కోటు చెయ్యి పట్టుకుని వదల్లేదు. “ఒకప్పుడు తొమ్మిదింటికి ఒక బస్సుండేది కదా?”

“ఉండేది.”

“ఏమైంది?”

“తీసేశారు.”

“ఎవరు తీసేశారు?” అంది. ఆవిడకు విరిగింది తుంటే గానీ బుర్ర కాదు.

నేను బొత్తాలు పెట్టుకోవడంలో మునిగిపోయాను. అప్పుడే సాయంత్రం మందుల పళ్లెం పట్టుకుని నర్సు వచ్చింది. పిహ్లా! చదువైపోయి ఆ వార్డులోనే ఉద్యోగం.

“మాస్టారూ, టైమవుతోంది. పరిగెత్తకండేం, బయట మంచు గడ్డకట్టి గాజులా ఉంది,” అంది. ఎత్తిపొడుపు ఏమన్నా ఉందేమోనని గొంతులో వెతికాను. లేదు. ఉంటే ఎంత బాగుండేది!

“నువ్వెప్పుడు ఇంటికెళతావు?” అన్నాను.

“సాయంత్రం డ్యూటీ ఉంటే ఎలా వెళతాను మాస్టారూ? ఇక్కడ స్నేహితురాలి సోఫా ఉంది. అక్కడే పడుకుంటా. ఎలాగూ వెళ్లేది లేదు కదాని పనయ్యాక కాసేపు ఐలీ పిన్ని దగ్గర కూర్చుంటున్నా.”

“రోజూ కూర్చుంటుంది,” అంది ఐలీ. “నిద్ర పట్టిందాకా ఉంటుంది. దానికి నేను ఓటు వేసిన పుణ్యం ఊరికే పోలేదు.”

“ఎవరికి వేశావూ?”

“నీకు వేశాననుకున్నావా?” ఐలీ దిండు మీద నుంచి నన్ను తీరిగ్గా చూసింది. “నీకు వేయడానికి నువ్వొక్కడివి చాలవూ? ఇంట్లో చూసేది చాలదని కౌన్సిల్లో కూడా నిన్నే చూడాలా?”

పిహ్లా మందుల పళ్లెం అడ్డం పెట్టుకుని నవ్వింది. ఐలీ కూడా నవ్వింది. తుంటి విరిగాక ఆవిడ అలా నవ్వడం నేను అదే చూడటం. ఇంకొంచెంసేపు చూద్దామనుకున్నాను. అయిదయింది.

బస్సులో కూర్చుని లెక్క వేసుకున్నాను. నలభై ఏడేళ్లు కాపురం చేసిన మనిషి నాకు వ్యతిరేకంగా ఓటు వేసింది! ఆ ఓటు లేకపోతే నేను నేరుగా గెలిచేవాణ్ని, చీటీలదాకా వచ్చేదే కాదు. ఒత్సో గుండె బొమ్మ వేయకపోతే కూడా వచ్చేది కాదు. అప్పుడు నేను ఓడిపోయేవాణ్ని. ఓడిపోయి ఉంటే ఈ బస్సులో కాదు, తొమ్మిదింటి బస్సులో ఇంటికి వెళుతూ ఉండేవాణ్ని. ఇంత మంచి వాదన ఎన్నికల ప్రచారంలో ఎవరూ నాకు చెప్పలేదు.

ఆ మరుసటి సభలో తీర్మానం పెట్టాను. తొమ్మిది గంటల బస్సు మళ్లీ వేయాలి! లేచి నిలబడి చాలాసేపు మాట్లాడాను. ఆసుపత్రి సంగతి చెప్పాను, నర్సుల సంగతి చెప్పాను. చీకటి సంగతి కూడా చెప్పాను. మధ్యలో ఆగి నీళ్లు తాగాను.

రౌహా కళ్లజోడు తీసి తుడుచుకుంది. “కౌకో, మనలో ఎవరైనా ఆ బస్సు లోపల ఎలా ఉంటుందో చూశారా?”

సభంతా గొల్లున నవ్వింది.

“నేను చూశాను,” అన్నాను. “నీలం సీట్లు.”

“మాట నీదేగా అని గుర్తుచేశానంతే, కోపం తెచ్చుకోకు,” అంది రౌహా. “చూడు, ఐలీ అంటే మా అందరికీ ప్రాణమే. మేం వంతులవారీగా కారులో దింపుతాంలే. కానీ ఊరి డబ్బుతో బస్సు అంటే? అది ఎక్కేది కుర్రాళ్లు. వాళ్ల నుంచి ఒక్క ఫిర్యాదు వచ్చిందా? మనం ఏటా సభ పెట్టి అడుగుతున్నాం కదా!”

“బుధవారం పొద్దున పదింటికి అడుగుతున్నాం,” అన్నాను.

“వచ్చినవాళ్లు బెంచీలు కావాలన్నారు,” అంది రౌహా.

ఓటింగు పెట్టారు. నా తీర్మానానికి ఒక్క చెయ్యి లేచింది. అది ఎవరిదో మీకు చెప్పక్కర్లేదు. కారులో దింపుతామన్న పెద్దమనుషులు ఒక వారం దింపారు. ఆ తరువాత వాళ్ల కళ్లకు కూడా రాత్రిపూట దారి సరిగా కనబడటం లేదని తెలిసింది. ఒకాయన నన్ను ఆసుపత్రికని తీసుకెళ్లి రంపపుమిల్లు ముందు దింపాడు.

కాబట్టి కుర్రకారూ, మొదట చెప్పిన మాటే మళ్లీ చెబుతున్నాను. దయచేసి ఓటు వేయకండి! మీరు వస్తే ఏమవుతుందో ఆలోచించండి. జారుడుబల్ల తిరిగొస్తుంది. నీళ్లు చల్లబడతాయి. సాయంత్రాలు దీపాలు వెలుగుతాయి. రాత్రి తొమ్మిదింటికి నగరంలో ఒక బస్సు బయలుదేరుతుంది. అందులో మీరంతా గోల చేస్తూ ఉంటారు. మీ మధ్య ఒక ముసలాడు కిటికీ పక్కన కూర్చుని ఉంటాడు. వాడి పెళ్లాం నిద్రపోయాకే వాడు బయలుదేరి ఉంటాడు. ఇంత ఘోరం మనకు అవసరమా?

ఈసారి నేను నిలబడటం లేదు. పిహ్లా నిలబడుతోంది. నగరంలో సోఫా మీద పడుకుంటున్నా చిరునామా మాత్రం ఇంకా కుర్కిలంపిలోనే ఉంచుకుంది. ఎందుకమ్మా, అక్కడికే మారిపోవచ్చుగా అంటే, “నా ఓటు ఇక్కడుంది కదా మాస్టారూ. నిలబడేదానికి నేనున్నాను. వేసేవాళ్లే ఉండాలి,” అంది.

ఐలీ ఓటు ఎలాగూ దానిదే. ఆసుపత్రికి వచ్చి వేయించుకుంటారు. నాది కూడా దానికే వేద్దామని వంటింటి బల్ల దగ్గర కూర్చుని సాధన చేస్తున్నాను. ఇక్కడే చిన్న చిక్కు వచ్చిపడింది. కాగితం మీద నంబరు రాయాల్సిన గుండ్రం నాకు రెండుగా కనబడుతోంది. చెయ్యి వణుకుతోంది. ఏడు రాస్తే ఒకటిలా వస్తోంది, ఒకటి రాస్తే చేపగాలంలా వస్తోంది. నా ఓటు చెల్లకపోవచ్చు.

అందుకని మీలో ఒక్కరు, ఎవరైనా ఒకే ఒక్కరు, నా బదులుగా వస్తే చాలు. ఒక్కరు మరీ తక్కువేమో. పోయినసారి చూశాం కదా. ఇద్దరు రండి. లేదా ఆ బస్సు ఎక్కాల్సినవాళ్లంతా రండి. బురదకు పాత బూట్లు వేసుకోండి. మధ్యాహ్నం దాకా పడుకునే రండి, పోలింగు రాత్రి ఎనిమిది దాకా ఉంటుంది. వచ్చినవాళ్లందరికీ బేకరీలో కాఫీ, కేకు నావి. బకెట్లు కూడా కొన్ని మిగిలాయి.

ఒత్సో, నువ్వు ముందుగా రా. ఆ పిల్ల నిన్ను ఎప్పుడో క్షమించింది, నాకు తెలుసు. గోడ మీద ఉన్నది చదవకపోయినా పరవాలేదు. నంబరు ఒక్కటీ రాసి, పెన్సిలు కింద పెట్టెయ్ నాయనా.